హైవే ఎక్కితే ఇంజిన్ చల్లబడుతోంది, ఆరిన నీలం లైటు మళ్ళీ వెలుగుతోంది

గట్టు రోడ్డు (రాజోలు):
అందరికీ నమస్కారమండి. నా బండి 2016 మోడల్ 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పోయిన వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. దీనికి టెంపరేచర్ ముల్లు లేదు. స్టార్ట్ చేయగానే మీటర్లో నీలం లైటు వెలుగుతుంది, ఇంజిన్ కాస్త వేడెక్కాక ఆరిపోతుంది. మరీ వేడెక్కితే ఎర్ర లైటు వస్తుంది. ఇంజిన్ వేడి గురించి బండి చెప్పేది అంతే.

చలి మొదలైన దగ్గర నుంచి ఒక తేడా గమనిస్తున్నాను. ఊళ్ళోనూ కాలువ గట్టు మీదా నెమ్మదిగా తిరిగినంతసేపూ నీలం లైటు ఆరిపోయే ఉంటుంది. 216 జాతీయ రహదారి ఎక్కి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు 80లో వెళ్తుంటే మళ్ళీ వెలుగుతోంది. ఎక్కడైనా ఆగి ఇంజిన్ ఆన్‌లోనే ఉంచితే కాసేపటికి ఆరిపోతోంది. వేసవిలో ఇలా ఎప్పుడూ రాలేదు. లీటరుకు 18 ఇచ్చే బండి 14 ఇస్తోంది.

రెండు షెడ్లలో చూపించాను. ఒకాయన "వేడెక్కకపోతే మంచిదే కదా, తిప్పుకోండి" అన్నారు. ఇంకొకాయన చూడకుండానే వేడి కొలిచే సెన్సర్ మార్చేద్దామన్నారు. డబ్బు పెట్టే ముందు అసలు జబ్బేమిటో తెలుసుకోవాలని ఉంది. థర్మోస్టాటా (వేడిని బట్టి నీళ్ళను రేడియేటర్‌కు వదిలే వాల్వు), సెన్సరా, ఫ్యానా? దేన్ని బట్టి తేల్చాలి?

కొబ్బరి తోట (అమలాపురం):
మొదటాయన చెప్పింది తప్పేం కాదేమోనండి. మన కోనసీమ ఎండలకు ఇంజిన్ చల్లగా ఉండటమే కావాలి. మా నాన్నగారి పాత జీపులో థర్మోస్టాట్ వాల్వు పీకేసి ఇరవై ఏళ్ళు నడిపాం, ఒక్కసారి కూడా పొగలు కక్కలేదు. అది మంచు పడే దేశాలకు పెట్టిన సామాను అని మా మేస్త్రి అనేవాడు.

షెడ్డు మేస్త్రి (తణుకు):
కొబ్బరి తోట గారూ, ఈ మాట మన జిల్లాల్లో ప్రతి షెడ్డులోనూ వింటాం. దీనివల్ల ఎన్ని ఇంజిన్లు పాడైపోయాయో చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

థర్మోస్టాట్ ఉన్నది చలి దేశం కోసం కాదు, ఇంజిన్ కోసం. బయట 20 డిగ్రీలు ఉన్నా 44 ఉన్నా లోపల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు) 85, 95 మధ్య ఉండాలని ఇంజిన్ తయారుచేసేవాళ్ళు లెక్క వేసుకుంటారు. పిస్టన్ సందులు, ఆయిల్ పల్చదనం, పెట్రోలు కొలత అన్నీ ఆ వేడికే కుదిరి ఉంటాయి. థర్మోస్టాట్‌లో ఒక ఇత్తడి బుడిపె, అందులో మైనం ఉంటాయి. చాలా బండ్లలో 82 దగ్గర, కొన్నింటిలో 88 దగ్గర ఆ మైనం కరిగి ఉబ్బి, కడ్డీని నెట్టి వాల్వు తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్ళు రేడియేటర్‌కు పోవు, ఇంజిన్ లోపలే తిరుగుతాయి. 95 దరిదాపుల్లో పూర్తిగా తెరుచుకుంటుంది.

వాల్వు తెరిచే ఉండిపోతే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌కు పోతాయి. ఆగి ఉన్నప్పుడు గాలి తగలదు కాబట్టి ఎలాగో వేడెక్కుతుంది. 80 వేగంలో ఎదురుగాలి రేడియేటర్‌ను కొడుతుంటే ఇంజిన్ పుట్టించే వేడి చాలదు. గట్టు రోడ్డు గారు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. వేసవిలో గాలి 40 ఉంటుంది కాబట్టి బయటపడలేదు.

ఇక నష్టం. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగులు దాటి కిందకు దిగి ఆయిల్‌ను పల్చన చేస్తుంది. లోపల చేరిన తేమ ఆవిరై పోదు. ఆయిల్ మూత విప్పితే లోపల తెల్లటి మీగడ కట్టి కనిపించేది అందుకే. పాత జీపుకు ఈసీయూ లేదు, కార్బురేటరే. అక్కడ కూడా అరుగుదల ఉంటుంది, కాకపోతే ఇరవై ఏళ్ళలో ఒకసారి బోర్ చేయిస్తే దాన్ని థర్మోస్టాట్ ఖాతాలో ఎవరూ వేయరు.

ఈసీయూ విద్యార్థి (కాకినాడ):
మేస్త్రి గారి మాటకు అడ్డు కాదండి, కానీ ఒక మెట్టు ముందుంది. ఇంజిన్ నిజంగా చల్లగా ఉందా, లేక చల్లగా ఉందని సెన్సర్ అబద్ధం చెబుతోందా అన్నది మొదట తేలాలి. మీటర్లో లైటుకైనా, ఈసీయూ పోసే పెట్రోలుకైనా ఆధారం ఆ సెన్సరే.

ఆ సెన్సర్ వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర రెండు, మూడు కిలో ఓమ్‌లు ఉండేది, 80 దాటితే మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కలకు వస్తుంది. అంటే తీగలో ఎక్కడైనా అనవసరపు రెసిస్టెన్స్ చేరితే ఈసీయూకు అది చలిలా కనిపిస్తుంది. మన తీరంలో ఇది చాలా మామూలు. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్ల కనెక్టర్లలో పిన్నులకు ఉప్పుగాలి తగిలి పచ్చగా చిలుము పడుతుంది. ఆ చిలుము చాలు, 85ని 60గా చూపించడానికి. తీగ పూర్తిగా తెగితే స్కానర్లో మైనస్ 40 అని వస్తుంది, అది పట్టుకోవడం తేలిక. సగం చెడినదే మోసం చేస్తుంది.

గట్టు రోడ్డు గారూ, ఇలా చేయండి. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (ఈసీయూ చూసే అంకెలను ఫోన్‌కు పంపే చిన్న స్కానర్) ఒకటి కొనండి లేదా అడిగి తెచ్చుకోండి. స్టీరింగ్ కింద సాకెట్లో పెట్టి ఫోన్లో యాప్ తెరవండి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకుండా, తాళం ఆన్‌లో పెట్టి కూలెంట్ టెంపరేచర్, లోపలికి పీల్చే గాలి టెంపరేచర్ రెండూ చూడండి. రెండూ దగ్గర దగ్గరగా, బయటి చలికి సరిపోయేలా ఉండాలి. తర్వాత బండి నడుపుతూ చూడండి. ఏ వేగంలో ఎంత ఉందో పక్కన కూర్చున్నవాళ్ళను రాసుకోమనండి, మీరు నడుపుతూ ఫోన్ చూడొద్దు.

ఇంకోటి, ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష. మన దగ్గర హీటర్ ఎవరూ వాడరు కానీ అది ఇంజిన్ నీళ్ళ వేడితోనే పనిచేస్తుంది. హైవే మీద నీలం లైటు వెలిగినప్పుడు హీటర్ మొత్తం వేడికి తిప్పండి. గాలి గోరువెచ్చగా వస్తే ఇంజిన్ నిజంగానే చల్లబడింది. చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తే సెన్సరే తప్పు చెబుతోంది.

రొయ్యల చెరువు (భీమవరం):
మా ఇంట్లో కరోనా అప్పటి జ్వరం చూసే గన్ ఉందండి. దాన్ని ఇంజిన్‌కు పెట్టి చూస్తే సరిపోదా?

ఈసీయూ విద్యార్థి (కాకినాడ):
పనికిరాదండి. అది మనిషి ఒంటి వేడి వరకే, 43 దరిదాపులు దాటితే అంకె చూపించదు. వర్క్‌షాపుల్లో వాడే రకం కావాలి. అదైనా మెరిసే అల్యూమినియం మీద పెడితే తక్కువ చూపిస్తుంది, నల్లటి రబ్బరు పైపు మీదో నల్ల టేపు అంటించిన చోటో పెట్టాలి.

లంక (కోటిపల్లి):
ఒక చిన్న మాట. అన్నిటికంటే ముందు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి కూలెంట్ నిండా ఉందో లేదో చూడండి. పక్కనుండే కూలెంట్ డబ్బాలో ఉంటే చాలదు, రేడియేటర్లో చూడాలి. కూలెంట్ తగ్గి సెన్సర్ ఉన్న చోట గాలి నిలిస్తే, ఇంజిన్ లోపల ఉడికిపోతున్నా సెన్సర్ తక్కువ చూపిస్తుంది. చల్లగా ఉందని ధైర్యంగా నడిపితే ఇంజిన్ హెడ్ (పై భాగం) పోతుంది. ఫ్యాన్ స్టార్ట్ చేసిన వెంటనే, ఏసీ లేకుండా తిరిగేస్తోందేమో కూడా చూడండి.

గట్టు రోడ్డు (రాజోలు):
అందరికీ ధన్యవాదాలండి. చెప్పినవన్నీ చేశాను.

కూలెంట్ నిండా ఉంది కానీ రంగు లేదు, తుప్పు నీళ్ళలా ఉంది. ఫ్యాన్ స్టార్ట్ చేయగానే తిరగడం లేదు. కనెక్టర్ విప్పి చూశాను, పిన్నులు మెరుస్తున్నాయి, చిలుము లేదు.

పొద్దున్నే కూలెంట్ 21, గాలి 22. ఇంటి ముందు ఆగి ఉండగా నెమ్మదిగా పెరుగుతూ 80 దాకా వచ్చింది. రహదారి ఎక్కాక మా తమ్ముడు రాసిన అంకెలు: 50లో 68, 70లో 60, 80లో కాసేపు పోయాక 54. అప్పుడే నీలం లైటు వచ్చింది. హీటర్ తిప్పితే గోరువెచ్చటి గాలి. పాలకొల్లు రైల్వే గేటు దగ్గర ఆగితే 71కి ఎక్కింది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు కానీ స్కాన్ చేస్తే పెండింగ్‌లో పి0128 అనే లోపం కోడ్ ఉంది.

ఈసీయూ విద్యార్థి (కాకినాడ):
చాలా శుభ్రంగా చేశారు. చల్లారిన బండిలో రెండు సెన్సర్లూ ఒకే మాట చెప్పాయి, హీటర్ సాక్ష్యం చెప్పింది, కనెక్టర్ బాగుంది. సెన్సర్ మార్చకండి, డబ్బు దండగ. పి0128 అంటే నడిచిన సమయానికి, దూరానికి ఇంజిన్ ఎక్కాల్సిన వేడి ఎక్కలేదని ఈసీయూ కూడా గమనించిందన్నమాట. ఆ కోడ్ "థర్మోస్టాట్ పోయింది" అని చెప్పదు, అనుమానం అటువైపు చూపిస్తుందంతే.

ఫ్యాన్ విషయం కూడా తేలిపోయింది. ఫ్యాన్ ఆగకుండా తిరిగే జబ్బయితే బండి ఆగి ఉన్నప్పుడు వేడెక్కడానికే మొరాయిస్తుంది. హైవే మీద ఎదురుగాలి ముందు ఫ్యాన్ వల్ల వచ్చే తేడా తక్కువ. మీది ఆగితే ఎక్కుతోంది, నడిస్తే దిగుతోంది.

షెడ్డు మేస్త్రి (తణుకు):
ఇక చేత్తో ఒక పరీక్ష మిగిలింది. తెల్లవారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్ళే లావు పైపు మీద చెయ్యి వేసి ఉంచండి. థర్మోస్టాట్ బాగుంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, 82 దాటాక ఒక్కసారిగా చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. తెరిచే ఉండిపోయినదైతే మొదటి నుంచీ ఇంజిన్‌తోపాటే మెల్లగా వెచ్చబడుతుంది. కొన్ని బండ్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, అలాంటప్పుడు కింది పైపు పట్టుకోవాలి. మీ బండిలో ఎటు ఉందో చూసుకోండి.

ఫ్యాన్ దగ్గర వేళ్ళు, తువ్వాలు కొస, వదులు చొక్కా చేతులు జాగ్రత్త. తాళం తీసేసినా కొన్ని బండ్లలో వేడికి ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

గట్టు రోడ్డు (రాజోలు):
మా బండిలో పై పైపేనండి. రెండో నిమిషానికే వెచ్చదనం తెలిసింది, స్కానర్లో 35 ఉన్నప్పుడు పైపు కూడా దాదాపు అంతే ఉంది. ఆదివారం తెలిసిన మేస్త్రి చేత విప్పిస్తున్నాను.

డీజిల్ (తాడేపల్లిగూడెం):
ఈ చర్చ చదివే డీజిల్ బండ్ల వాళ్ళకు ఒక మాట. బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన డీజిల్ బండికి పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది అప్పుడప్పుడు తనలో చేరిన మసిని కాల్చేసుకోవాలి. ఇంజిన్ కావాల్సిన వేడి ఎక్కకపోతే ఆ కాల్చే పని మొదలే పెట్టదు. ఫిల్టర్ మాటిమాటికీ నిండిపోతోందని వేలకు వేలు పోసి శుభ్రం చేయించేవాళ్ళు ముందు కూలెంట్ టెంపరేచర్ ఒకసారి చూసుకోండి. థర్మోస్టాట్ ఖరీదు ఆ ఫిల్టర్ ఖరీదు ముందు ఏ మూలకూ రాదు.

గట్టు రోడ్డు (రాజోలు):
విప్పామండి. చూసినవాళ్ళందరం కాసేపు మాట్లాడలేదు.

థర్మోస్టాట్ ఉంది అనుకున్నాం కదా, ఉన్నది దాని చుట్టూ ఉండే రింగు ఒక్కటే. రబ్బరు వాషర్‌తో సహా రింగు అక్కడే ఉంది, మధ్యలో వాల్వు, స్ప్రింగు, ఇత్తడి బుడిపె ఏవీ లేవు. ఉలితో కొట్టి కోసిన గీతలు రింగు లోపలి అంచున కనిపిస్తున్నాయి. నీళ్ళు కారకుండా రింగు ఉంచి నడుమ భాగం తీసేశారు. హౌసింగ్ గోడలకు తెల్లటి పెచ్చు, గోటితో గీకితే రాలుతోంది.

కొత్తది తెచ్చాను, దాని మీద 82 అని అచ్చు ఉంది. ఇంకా బిగించలేదు. ఇలా ఎందుకు చేసి ఉంటారు?

షెడ్డు మేస్త్రి (తణుకు):
తెల్ల పెచ్చు బోరు నీళ్ళది. సముద్రం పక్క మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పన, రేడియేటర్లో అవే పోస్తే ఉప్పు, సున్నం పేరుకుపోతాయి, అల్యూమినియం తినేస్తుంది. బిగించే ముందు శుభ్రమైన నీళ్ళతో రెండు, మూడు సార్లు కడిగి, చివరకు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి. లేదా కలిపి అమ్మేదే పోయండి. పాత కూలెంట్ పంట బోదెలోకో చెరువు గట్టునో వంపకండి, అది విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు, దూడలు నాకుతాయి.

కొత్త థర్మోస్టాట్‌ను కూడా పరీక్షించే బిగించండి. గిన్నెలో నీళ్ళు పెట్టి, దారంతో థర్మోస్టాట్ వేలాడదీయండి, అడుగుకు ఆనకూడదు. 110 వరకు చూపే థర్మామీటర్ కావాలి, రొయ్యల చెరువుల దగ్గర వాడేవి సాధారణంగా 50 దగ్గరే ఆగిపోతాయి. వాల్వు సందులో సన్నటి దారం ఇరికించి వేలాడదీస్తే, తెరుచుకోగానే థర్మోస్టాట్ జారి నీళ్ళలో పడుతుంది. ఆ క్షణం థర్మామీటర్ చూడండి. 82కి అటూ ఇటూగా రెండు డిగ్రీలయితే మంచిదే. వాల్వు అంచున చిన్న చిల్లు, అందులో కదిలే పిన్ను ఉంటే దాన్ని పైకి వచ్చేలా బిగించాలి, గాలి అటు నుంచే పోతుంది.

గాలి తీయడానికి మన డెల్టాలో వాలు దొరకదు కానీ కాలువ గట్టు ఎక్కే దారి ఉంది. ముందు చక్రాలు పైకి ఉండేలా ఆపి, మూత తీసి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండండి. వేడెక్కిన తర్వాత మూత జోలికి పోవద్దు.

ఇక ఎందుకు చేశారన్న ప్రశ్న. నాకు తెలిసి ఎవరూ సరదాకు కోయరు. ఈ బండి ఎప్పుడో వేడెక్కి ఉంటుంది. కారణం వెతకకుండా దీన్ని కోసి అమ్మేశారు. ఆ పాత జబ్బు ఇంకా బండిలోనే ఉందనుకోండి. కొత్తది బిగించాక ఏసీ వేసి ట్రాఫిక్‌లో నడిపి అంకెలు చూడండి.

కొబ్బరి తోట (అమలాపురం):
మేస్త్రి గారూ, పీకేస్తే కనీసం వేడెక్కదు కదా, అందుకే ఆపద్ధర్మంగా చేస్తారేమో?

షెడ్డు మేస్త్రి (తణుకు):
దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి అయితే సరే, అర్థం చేసుకుంటాను. కానీ అన్ని బండ్లలో అది కూడా పనిచేయదండి. చాలా థర్మోస్టాట్లకు కింద ఇంకో పళ్ళెం ఉంటుంది. పై వాల్వు తెరుచుకున్నప్పుడు ఆ పళ్ళెం బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్ళలో కొంత రేడియేటర్‌కు పోకుండానే ఇంజిన్లోకి తిరిగి వచ్చేస్తుంది. అలాంటి బండి చలికాలం పొద్దున చల్లగా నడిచి, మే నెలలో లోడుతో వెళ్తే ఉడికిపోతుంది. ఒకే బండికి రెండు జబ్బులూ వస్తాయి.

గట్టు రోడ్డు (రాజోలు):
మేస్త్రి గారు అన్నట్టే జరిగిందండి.

కొత్త థర్మోస్టాట్ గిన్నెలో 83 దగ్గర తెరుచుకుంది. బిగించాక రహదారి మీద 80లో 86, 89 మధ్య నిలకడగా ఉంది, నీలం లైటు మాటే లేదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే వచ్చే ఇంజిన్ రేసింగు కూడా త్వరగా దిగుతోంది. అక్కడిదాకా చాలా సంతోషం.

పాలకొల్లు బజారులో ఏసీ వేసి నడిపితే 98, 101, 105. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఏసీ ఆపేసి పక్కకు పెట్టాను.

లంక (కోటిపల్లి):
ఫ్యాన్ తిరుగుతూ కూడా దిగలేదంటే గాలి లోపలికి పోవడం లేదేమో చూడాలి. ఏసీ కండెన్సర్, రేడియేటర్ రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య సందులో టార్చి వేసి చూడండి. కోతల రోజుల్లో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, దాని మీద నుంచే బండ్లు పోతాయి.

గట్టు రోడ్డు (రాజోలు):
లంక గారూ, అక్కడే ఉందండి! పై క్లిప్పులు విప్పి రేడియేటర్‌ను కొద్దిగా వెనక్కి వంచితే సందంతా ఊక, గడ్డి నుసి, పురుగుల రెక్కలు, దాని మీద బురద. అన్నీ కలిసి కంబళి ముక్కలా అతుక్కుపోయాయి. అడుగు నుంచి సగం ఎత్తు దాకా రేడియేటర్ రెక్కలు కనిపించలేదు. పైభాగం ఊడి వచ్చింది, మిగిలింది మెత్తటి బ్రష్‌తో తీశాం. తర్వాత ఇంజిన్ వైపు నుంచి ముందుకు మామూలు పైపు నీళ్ళు పట్టాం. సర్వీసింగ్ వాళ్ళ ప్రెషర్ గన్ వాడలేదు, రెక్కలు మడత పడతాయని మేస్త్రి వద్దన్నారు.

ఇప్పుడు అదే బజారులో ఏసీతో 93, 97 మధ్య తిరుగుతోంది. ఫ్యాన్ వస్తోంది, ఆగుతోంది. రహదారి మీద 87.

షెడ్డు మేస్త్రి (తణుకు):
అసలు జబ్బు అదే. ఊకకు వేడెక్కిన బండికి వాల్వు కోశారు. ఇంకో రెండు పనులు మిగిలాయి. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ ఇప్పుడే మార్చేయండి, కిలోమీటర్లు రాలేదని చూడొద్దు. ఇన్నాళ్ళూ చల్లటి ఇంజిన్‌తో తిరిగిన ఆయిల్లో పెట్రోలు కలిసి ఉంటుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే మీకే తెలుస్తుంది. రెండోది, బండి బాగా వేడెక్కి చల్లారాక కూలెంట్ మట్టం మళ్ళీ చూడండి. మిగిలిన గాలి బయటికి పోయి కాస్త తగ్గుతుంది, పోసి నింపండి.

గట్టు రోడ్డు (రాజోలు):
అలాగేనండి. డిప్‌స్టిక్‌కు పెట్రోలు వాసన వస్తోంది, మట్టం కూడా గీత దాటి పైకి ఉంది. ఆయిల్ ఎక్కువ పోశారేమో అనుకునేవాణ్ణి. రేపే మార్పిస్తాను.

అరటి లోడు (రావులపాలెం):
నా ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతానండి. నా బండి 16వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున 90 వేగంలో స్కానర్లో 76 చూపిస్తుంది, మధ్యాహ్నం 84. మీటర్లో ముల్లు మామూలుగానే మధ్యలో ఉంటోంది. ఇది కూడా థర్మోస్టాటేనా?

ఈసీయూ విద్యార్థి (కాకినాడ):
మీటర్లో ముల్లును నమ్మకండి. చాలా బండ్లలో 75 నుంచి 100 దాటే దాకా అది మధ్యలోనే నిలబడేలా చేస్తారు, డ్రైవర్ కంగారు పడకూడదని. 82 థర్మోస్టాట్ ఉన్న బండి బయట చలికి 76కి దిగిందంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదనే అనుమానించాలి. స్ప్రింగు వదులై ఉండొచ్చు, అంచున పెచ్చు అడ్డుపడి ఉండొచ్చు. ముందు కూలెంట్ మట్టం, పొద్దున్నే రెండు సెన్సర్ల పోలిక, తర్వాత పైపు మీద చెయ్యి. పైపు ముందుగానే వెచ్చబడితే విప్పి గిన్నెలో వేసి చూడండి. చల్లారిన వాల్వును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చుట్టూ సందు కనిపించకూడదు. పిన్ను ఉన్న చిన్న చిల్లు ఒక్కటే కనిపించాలి.